నాయన సాగర్ గేట్లు చూసొచ్చిన వైనం

ఆ రోజుల్లో మా ఐరాల పక్క ఇద్దరు రైతులు ఎదురుపడితే ముందు ఒకరి ఆరోగ్యం ఒకరు అడిగేవాళ్ళు కాదు, బోరు ఆరోగ్యం అడిగేవాళ్ళు. "ఎట్లుండాదప్పా?" అని ఒకరంటే, "ఏదో, దగ్గతా ఉండాది" అని రెండోవాళ్ళు నిట్టూర్చేవాళ్ళు. మోటారు కాసేపు నీళ్ళు పోసి, కాసేపు గాలి ఊది, మధ్యమధ్యలో బురద కక్కితే దాన్ని దగ్గడం అంటారు. మా నాయన బోరు అప్పటికి దగ్గడం కూడా మానేసి మూలగడంలోకి దిగింది. నేను కొత్తగా తిరుపతిలో ఒక మోటార్ల రిపేరు షాపులో పనికి చేరాను. కాయిల్ చుట్టడం తప్ప ఇంకేమీ రాకపోయినా, నాయన దృష్టిలో నేను సగం డాక్టర్ని. ఆదివారం ఇంటికి వెళ్తే అన్నం పెట్టకముందే నన్ను బోరు దగ్గరికి నడిపించి "సూడు, నాడి సూడు" అనేవాడు. నేను కేసింగు పైపుకు చెవి ఆనించి గంభీరంగా తలూపేవాణ్ణి. (ఏమీ వినిపించేది కాదు. కానీ తలూపకపోతే నాయన రెండో చెవి పెట్టమనేవాడు.)

ఇలాంటి మనిషికి ఒక కోరిక ఉండేది. వానాకాలంలో ఎప్పుడైనా టీవీ వార్తల్లో నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన దృశ్యం చూపిస్తే, నాయన కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసి చూస్తూ ఉండిపోయేవాడు. తెల్లటి నురుగు, పొగలాగా లేచే తుంపర, ఆ హోరు. చేతికి అన్నం ఎండిపోయేది. "ఒగసారి, ఒక్కసారి, ఆ గేట్లెత్తినబ్బుడు ఆడ నిలబడల్లరా" అనేవాడు. మా ఊరి చెరువుకన్నా పెద్ద నీళ్ళు ఆయన చూసి ఎరగడు, ఆ చెరువేమో ఎప్పుడో గాని నిండదు. నాయన కోరిక విన్నప్పుడల్లా అమ్మ "ముందు అన్నం తిను" అనేది.

ఆ కోరికను నిజం చేసే బాధ్యత మా మామ నెత్తికెత్తుకున్నాడు. మామ అంటే అమ్మ తమ్ముడు. చిత్తూరులో ఫ్లెక్సీలు వేసే షాపు నడిపేవాడు. లోకంలో ఏది జరిగినా అందరికన్నా ముందు తానే చెప్పాలని ఆయనకొక జబ్బు, అందుకని మా ఇంట్లో ఆయన పేరు బ్రేకింగ్ మామ. ఒక సాయంత్రం నాయన ఫోనుకు మామ నుంచి ఒక వీడియో వచ్చింది, దాని వెనకాలే మామ గొంతు వచ్చింది.

"బావా, ఎత్తేసినారు. అన్ని గేట్లూ ఎత్తేసినారు. ఇబ్బుడు పోకపోతే ఇంగెబ్బుడూ సూడలేవు. నా వ్యానుండాది. అబ్బోడు తోల్తాడు. ఎల్లుండి తెల్లారే బయలుదేరదాం."

అబ్బోడు అంటే నేను. నన్నెవరూ అడగలేదు. షాపు ఓనరు దగ్గరికి వెళ్ళి లీవు అడిగితే, "ఎవురికన్నా బాగలేదా?" అన్నాడు. "లేదన్నా, గేట్లు చూసేదానికి" అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, అదే చూపుతో పక్కనున్న కాలిపోయిన మోటారును చూసి, "పో" అన్నాడు.

నాయన ఆ వీడియోను ఫోను వేడెక్కేదాకా చూశాడు. తర్వాత చిత్తూరు వెళ్ళి ఒక రెయిన్‌కోటు కొనుక్కొచ్చాడు. ముదురాకుపచ్చ రంగు, తలమీద టోపీతో సహా. "గేట్ల కాడ తుంపర మనిసిని ముంచేస్తాదంట, మీ మామ చెప్పినాడు" అన్నాడు. అమ్మ రెండో రోజుకు కూడా నిలిచేలా చింతపండు చిత్రాన్నం, మురుకులు, దారికి పెరుగన్నం కట్టింది. అన్ని నీళ్ళ దగ్గరికి వట్టిచేతులతో ఎలా వెళ్తామని ఒక టెంకాయ కూడా పెట్టుకుంది. మామ వ్యానుకు వెనక తలుపు కాలితో తంతేనే పడేది. ఆ పని మామది. తిరుపతి, నెల్లూరు, ఒంగోలు దాటి, పొద్దుగూకేసరికి మాచర్ల చేరి అక్కడొక లాడ్జీలో దిగాం. దారిపొడవునా నాయన ముందు సీట్లో కూర్చుని, కనిపించిన ప్రతి కాలువను "ఇది సాగర్‌దేనా?" అని అడుగుతూనే ఉన్నాడు.

పొద్దున్నే నేనూ మామా టీ తాగడానికి కిందికి దిగాం. టీ కొట్టాయన ఎక్కడినుంచని అడిగితే మామ గర్వంగా, "చిత్తూరు. గేట్లు సూసేదానికొచ్చినాం" అన్నాడు.

"ఏ గేట్లు?" అన్నాడాయన.

"సాగర్ గేట్లు."

"ఈ ఏడు ఇంకా ఎత్తలేదుగా. నీళ్ళు నిండుతున్నాయి. ఇంకో వారం పట్టుద్దో, పది రోజులు పట్టుద్దో" అన్నాడు టీ వడగడుతూ.

మామ ఫోను తీసి వీడియో చూపించాడు. ఆయన తల వంచి చూసి, "ఇది పోయినేటిది. ఇదుగో, ఈ మెట్ల కాడ మా బావమరిది కూడా ఉన్నాడు, సూడండి" అని ఎంతో సంతోషంగా వేలు పెట్టి చూపించాడు. మామ ఫోను జేబులో పెట్టుకుని ఇంకో టీ చెప్పాడు. అది తాగి ఇంకోటి చెప్పాడు. ఇంత సేపు ఏ వార్తా చెప్పకుండా మామ నోరు మూసుకుని ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

"అబ్బోడా," అన్నాడు చివరికి, "బావకు చెప్పద్దు."

"ఎట్ల చెప్పకుండా ఉండేది మామా? అంత డ్యాము కనపడదా?"

"కనపడతాది. కానీ ముందు బుద్ధుణ్ణి చూపిద్దాం. ఈడ కొండమింద మ్యూజియముండాది, అనుపు అని ఇంకోటుండాది, అన్నీ బుద్ధుడివే. అవన్నీ సూసేసరికి బావకు రవ్వంత శాంతం వస్తాది. శాంతమొచ్చినాక మెల్లిగా చెప్దాం."

మా నాయన కోపం ఎలాంటిదో తెలిసినవాళ్ళకు ఇది ఎంత బలహీనమైన పథకమో అర్థమవుతుంది. ఒకసారి బోరు వేసే లారీ చెప్పిన రోజుకు రాలేదని, వచ్చిన రోజు దాన్ని పొలంలోకి రానివ్వకుండా గట్టుమీద పడుకున్న మనిషి ఆయన. కానీ నాకు అంతకన్నా మంచి ఉపాయం తోచలేదు. మేము లాడ్జీకి తిరిగి వెళ్ళేసరికి నాయన స్నానం చేసి, రెయిన్‌కోటు తొడుక్కుని, టోపీ కూడా తలమీదికి లాక్కుని మంచంమీద సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. బయట ఎండ మండిపోతోంది.

విజయపురి సౌత్ చేరేటప్పుడు దూరంగా డ్యాము కనిపించే మలుపు ఒకటుంది. అక్కడికి రాగానే మామ వెనక సీట్లోంచి ముందుకు వంగి, "బావా, ఇటుపక్క సూడు, కోతి" అన్నాడు. నాయన ఇటుపక్క చూశాడు. కోతి లేదు. "ఉన్నింది, పాయె" అన్నాడు మామ. నేను వ్యానును ఆ మలుపులో ఎంత వేగంగా తిప్పానంటే, వెనక తలుపు తెరుచుకుని అమ్మ టెంకాయ దొర్లుకుంటూ రోడ్డున పడింది. దిగి దాన్ని ఏరుకుంటున్నప్పుడు నాయన చెవి రిక్కించి, "అన్ని నీళ్ళు పడతా ఉంటే శబ్దమే లేదే?" అన్నాడు.

"గాలి అటుపక్క కొడతా ఉండాది బావా" అన్నాడు మామ, టెంకాయకు అంటిన దుమ్ము తుడుస్తూ.

నాగార్జునకొండకు లాంచీలో వెళ్ళాలి. రేవు దగ్గర మాకు అర్థమైన కొత్త సంగతేమిటంటే, నీళ్ళకోసం జీవితమంతా అల్లాడిన మా నాయనకు నీళ్ళంటే భయం. ఎన్నడూ నీళ్ళమీద కాలు పెట్టనివాడు కాబట్టి ఆ భయం ఆయనకూ తెలియదు. లాంచీ ఒకసారి ఊగగానే తెలిసింది. రెయిన్‌కోటు మీద లైఫ్ జాకెట్ తొడిగించుకుని, నడుమ సీట్లో నా చెయ్యి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "గోవిందా గోవిందా" అంటూ పోతున్నంతసేపూ మూసిన కళ్ళు తెరవలేదు. చుట్టూ కనుచూపు మేర నీళ్ళు, మధ్యలో కళ్ళు మూసుకున్న నాయన. అమ్మ మాత్రం అంచున కూర్చుని, చెయ్యి బయటికి చాపి, తుంపర తగిలినప్పుడల్లా చిన్నపిల్లలా నవ్వింది. మామ నా చెవిలో, "మంచిదే, సూడకపోతే మంచిదే" అన్నాడు.

కొండమీద దిగాక నాయన తేరుకున్నాడు. డ్యాము కట్టినప్పుడు లోయలో ఉన్న పాత కట్టడాలన్నీ మునిగిపోతాయని, వాటిని విప్పుకొచ్చి ఈ కొండమీద మళ్ళీ పేర్చారని అక్కడి బోర్డులు చదివి నేను చెప్పాను. ఒక స్తూపం పునాది చక్రంలా ఉంటే నాయన దాని చుట్టూ తిరిగి, "ఇది ఎద్దులబండి చక్రం మాదిరే ఉండాది గదరా. ఇరుసు నుంచి అంచుకు ఆకులు గూడా పెట్టినారు సూడు" అన్నాడు. ఇటుకను గోటితో గీకి చూసి మెచ్చుకున్నాడు. మామ నన్ను పక్కకు లాగి, "శాంతమొచ్చినట్టుండాదా?" అన్నాడు.

"ఇంకా లేదు మామా. డ్యాము కాడికి ఎబ్బుడని ఇప్పుడే అడిగినాడు."

"సరే, లోపలికి పిల్చకపో. లోపల పెద్ద విగ్రహముండాదంట."

మ్యూజియంలో నిలబడిన బుద్ధుడి ముందు అమ్మ చాలాసేపు ఆగిపోయింది. మా అమ్మ ఏ దేవుడి ముందు నిలబడినా కోరికల జాబితా ఒకటి చదువుతుంది. కాణిపాకంలో అయితే నా పెళ్ళి, బోరు, మామ బుద్ధి, పాడి ఆవు, అన్నీ వరసగా వస్తాయి. అక్కడ మాత్రం చేతులు జోడించి ఊరికే నిలబడింది. బయటికొచ్చాక ఏం మొక్కుకున్నావని అడిగితే, "ఆ సామి మొగం సూస్తే ఏమీ అడగబుద్ధి కాలేదురా" అంది. సంచిలో టెంకాయ తడిమి, "టెంకాయ గూడా కొట్టబుద్ధి కాలేదు" అంది. ఆ శాంతంలో నాలుగోవంతు నాయనకు వచ్చినా చాలనుకుంటూ నేను వెనక్కి చూస్తే, నాయన రెయిన్‌కోటులో చెమటలు కక్కుతూ వాచ్‌మన్ను, "డ్యాముకు ఈడ్నుంచి నడిసిపోయే దావ లేదా?" అని అడుగుతున్నాడు.

మళ్ళీ లాంచీ, మళ్ళీ మూసిన కళ్ళు, మళ్ళీ గోవింద. ఒడ్డున దిగి అనుపు చేరేసరికి అందరికీ ఆకలిగా ఉంది. అక్కడ బౌద్ధుల కాలంనాటి విహారాలు, వాటికి దగ్గర్లోనే రంగస్థలం లాంటిదొకటి. మధ్యలో చదునైన నేల, చుట్టూ రాతి మెట్లు అంచెలంచెలుగా పైకి లేస్తాయి. నాయనా అమ్మా చిత్రాన్నం మూట తీసుకుని అన్నిటికన్నా పైమెట్టు ఎక్కి కూర్చున్నారు. ఇంకో బస్సులో వచ్చిన జనం కూడా అక్కడక్కడ మెట్లమీద కూర్చుని ఉన్నారు. నేనూ మామా కింద నేల నడిమధ్యకు వెళ్ళాం, అంత దూరంలో మాట్లాడుకుంటే పైన ఎవరికీ వినపడదని.

"మామా, ఇంగ చూపించేదానికి ఏమీ లేదు. ఏం చేద్దాం?"

"ఎత్తిపోతలుండాది గదరా. నీళ్ళు పైనుంచి పడతానే ఉంటాయి. ఆడికి పిల్చకపోయి, ఇవే గేట్లు అందాం."

"జలపాతానికీ డ్యాముకూ తేడా తెలీదా మామా నాయనకు?"

"లాంచీలో కళ్ళు తెరవని మనిసి, ఆడ మాత్రం తెరుస్తాడా? గమ్మునుండు. గేట్లెత్తలేదని మాత్రం బావకు తెలియనియ్యద్దు. తెలిస్తే నన్ను ఈడనే పూడ్సేస్తాడు, రెండువేల ఏండ్ల తర్వాత నన్ను గూడా తవ్వి తీసి మ్యూజియంలో పెడతారు."

మేము గుసగుసగానే మాట్లాడుకున్నాం. అయితే ఆ కట్టడం గొప్పతనమే అది. నడిమధ్య నిలబడి ఎంత మెల్లిగా మాట్లాడినా పైమెట్టు దాకా స్పష్టంగా వినపడుతుంది. ఆ సంగతి రాసిన బోర్డు ప్రవేశం దగ్గరే ఉంది. (దారంతా బోర్డులు చదివి వినిపించిన నేను ఆ ఒక్క బోర్డు చదవలేదు.) పైనుంచి, అరవకుండా, పక్కనే కూర్చుని మాట్లాడినంత నింపాదిగా నాయన గొంతు వచ్చింది.

"నాకు ఇనపడతా ఉండాదప్పా బామ్మరిదీ."

మామ గబుక్కున నా వెనక దాక్కున్నాడు. ఇంకో మెట్టుమీది నుంచి బస్సులో వచ్చిన ముసలాయన ఎవరో, "చెప్పేయండి బాబూ, పాపం ఆయన రెయిన్‌కోటు కూడా వేసుకున్నాడు" అన్నాడు. మెట్లన్నీ నవ్వాయి. నా జీవితంలో నేను ఎక్కిన ఏకైక రంగస్థలం అదే, ప్రదర్శన బాగానే పండింది.

మేము తలలు వంచుకుని పైకి ఎక్కాం. ఒక్కో మెట్టూ ఒక్కో కొండలా ఉంది. నాయన మా ఇద్దరినీ చూడకుండా అమ్మను అడిగాడు, "నీకు తెల్సా ఇది?"

"మాచర్లలోనే తెల్సు. లాడ్జీ ఊడ్సే ఆమె చెప్పింది" అంది అమ్మ, ముద్ద కలుపుతూ.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే నువ్వు ఆడనే బండి ఎనక్కి తిప్పించుందువు. నేను పడవ ఎబ్బుడెక్కేది?"

నాయన చెయ్యి చాపి ముద్ద అందుకున్నాడు. చిత్రాన్నం తిన్నాడు, మామకు మురుకులు పెట్టనివ్వలేదు. చెయ్యి కడుక్కుని, "పాండి డ్యాముకు" అన్నాడు.

డ్యాము దగ్గర సందర్శకులు నిలబడే చోట దిగాం. ఎదురుగా బూడిదరంగు గోడ ఆకాశానికి అడ్డంగా కట్టినట్టు నిలబడి ఉంది. గేట్లన్నీ మూసే ఉన్నాయి, కింద రాళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. నాయన రెయిన్‌కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు. తిట్టినా బాగుండేది. తర్వాత ఆయన తిన్నగా దారికి అడ్డంగా కర్ర వేసి కూర్చున్న కాపలా మనిషి దగ్గరికి నడిచాడు.

"అప్పా, మేము చిత్తూరు అవతల్నించి వచ్చినాం. ఒగ గేటు ఎత్తు. అన్నీ వద్దు, ఒక్కటి. జానెడెత్తితే సాలు."

నాయన ఆటపట్టిస్తున్నాడేమోనని కాపలాయన ఆయన మొహం చూసి, కాదని తెలుసుకున్నాడు. "పెద్దాయనా, ఆ గేట్లు నా చేతుల్లో ఉండవండి. పైనుంచి ఆర్డరు రావాల."

"ఎవురికీ తెలియకుండా రవ్వంత ఎత్తి దించేసేది. మేం ఎవురికీ చెప్పం."

"అట్టా కుదరదండి. నేను ఎత్తగలిగింది ఇదొక్కటే" అని ఆయన దారికి అడ్డమున్న కర్రను చూపించాడు. నాయన మొహం చూసి జాలిపడ్డాడేమో, తాడు లాగి దాన్ని ఒకసారి పైకెత్తాడు, మళ్ళీ దించాడు. మామ వెనకనుంచి చప్పట్లు కొట్టబోయి నా చూపు చూసి ఆగాడు. అలా నాయన చాలాసేపు బతిమాలాడు. చివరికి విసుగెత్తి కాపలాయన, "అట్టా పక్కకు పోయి ఆ నీళ్ళన్నా సూడండి, నిండుగా ఉన్నాయి" అన్నాడు.

నాయన కటకటాల దగ్గరికి వెళ్ళి ఎగువవైపు చూశాడు. కాళ్ళ కింద గట్టి నేల ఉంది కాబట్టి కళ్ళు తెరిచే చూశాడు. పొద్దున్నుంచీ ఆ నీళ్ళమీద రెండుసార్లు తిరిగిన మనిషి వాటిని కళ్ళారా చూడటం అదే మొదటిసారి. కొండలు మోకాళ్ళ దాకా మునిగి నిలబడ్డాయి. ఎండలో నీళ్ళు అంచు అనేది లేకుండా పరుచుకున్నాయి. నాయన కటకటాలను రెండు చేతులా పట్టుకున్నాడు. నేను పక్కన నిలబడ్డాను.

చాలాసేపటికి వెనక్కి తిరిగి కాపలాయనను అడిగాడు. "గేట్లెత్తితే ఈ నీళ్ళు యాడికి పోతాయప్పా?"

"కిందికి పోతాయండి. అక్కడా నిండిపోతే చివరికి సముద్రానికే."

"సముద్రానికా" అన్నాడు నాయన. ఆ మాటను నమ్మలేనట్టు ఇంకోసారి అన్నాడు. "సముద్రానికా." తర్వాత మెల్లిగా మామవైపు తిరిగాడు. మామ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏమప్పా, ఇంత బంగారం మాదిరి నీళ్ళను సముద్రంలో పోసేది సూసేదానికా నువ్వు నన్ను ఇంత దూరం పిల్చకొచ్చింది?"

"బావా, ఎత్తలేదని నాకు..."

"ఎత్తినారని గదా నువ్వు చెప్పింది. సంతోసంగా చెప్పినావు గదా. నీ బుద్ధికి ఏం చెప్పల్ల? మూసి పెట్టినారు సూడు, అదీ పని అంటే."

మామ మొదటిసారి తన వార్త అబద్ధమైనందుకు కాక, నిజమై ఉంటే జరిగే ఘోరానికి తిట్లు తిన్నాడు. నాయన కాపలాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు. "బాగా మూసినారప్పా. ఎవురన్నా వచ్చి ఎత్తమని అడిగితే ఎత్తద్దండి" అన్నాడు. అప్పటిదాకా ఆయన్ను బతిమాలిన ఒకే ఒక్క మనిషి నాయనే. కాపలాయన మాత్రం పెద్దమనిషి, "ఎత్తమండి" అని మాటిచ్చాడు. అమ్మ ఆ గట్టునే టెంకాయ కొట్టింది.

ఐరాల చేరిన మర్నాడు నాయన టీ అంగడి దగ్గర నలుగురిలో కూర్చుని చెప్పాడు. "పోయి సూసి వచ్చినాను. ఒక్కటి గూడా తెరిసి లేదు. సుక్క గూడా కారడంలేదు." ఆ నీళ్ళలో ఒక్క చుక్క కూడా మా పక్కకు రాదు, ఎప్పటికీ రాదు. అయినా అక్కడున్న రైతులందరూ తమ పొలం గట్టు తెగలేదని విన్నంత నెమ్మదిగా తలలూపారు. ఇంకో పది రోజులకు టీవీలో సాగర్ గేట్లు ఎత్తడం చూపించారు. నాయన టీవీ కట్టేసి మామకు ఫోన్ చేశాడు. "నేనిట్ల వచ్చినానో లేదో, ఎత్తేసినారు సూడు" అన్నాడు. అంతా మామ పనేనన్నట్టు.

ఇప్పుడు తిరుపతిలో నాకూ సొంతంగా చిన్న మోటార్ల షాపు ఉంది, కణతల దగ్గర నెరుపు వచ్చింది. ఈమధ్య మా పిల్లలు స్కూల్లో చదివి వచ్చి, "నాయనా, నువ్వు నాగార్జునకొండ పోయినావంట గదా, ఆడ బుద్ధుడు ఎట్లుంటాడు?" అని అడిగారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టబోతే ఏమీ గుర్తుకు రాలేదు. విగ్రహం ఎంత ఎత్తో, చేతులు ఎలా ఉన్నాయో, చుట్టూ శిల్పాల్లో ఏముందో, ఒక్కటీ లేదు. ఆ రోజంతా ఆ కుర్రవాడు, అంటే నేను, అన్నిటి ముందూ నిలబడి మా నాయన మొహమే చూస్తూ తిరిగాడు, ఎప్పుడు ఎర్రబడుతుందోనని. ఆ మొహం గురించి అడిగితే ఇప్పటికీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరసగా చెప్పగలను. అదే చెప్పాను. పిల్లలు నవ్వి నవ్వి, బుద్ధుడి సంగతి మళ్ళీ అడగడం మరిచిపోయారు.